నాలుగు ఫ్యూజులు, ఒక స్విచ్చు: రైస్ కుక్కర్ రిపేరు డైరీ

జనవరి 18, ఆదివారం

పొద్దున పదకొండింటికి వంటింట్లోంచి అమ్మ కేక. "ఒరేయ్, కుక్కరు చచ్చిపోయింది." బియ్యం కడిగి, ఎసరు కొలిచి పోసి, మీట నొక్కితే ఎర్ర లైటు రాలేదట. పచ్చ లైటూ లేదు. ఆ బియ్యాన్ని ప్రెషర్ కుక్కర్లోకి మార్చేసి, దీన్ని తడి తుడిచి మరీ నా బల్ల మీద పెట్టింది. 1.8 లీటర్లది, 700 వాట్లు, కొని ఎనిమిదేళ్ళయింది.

రెండు లైట్లూ లేవంటే లోపలికి కరెంటే వెళ్ళడం లేదన్నమాట. మొదటి అనుమానం వైరు మీద. మల్టీమీటర్‌ని, దారి తెగకుండా ఉంటే మోగే బీప్ మోడ్‌లో పెట్టి మూడు పిన్నులూ చూశాను, వైరు బాగానే ఉంది. తర్వాత కుక్కర్ పిన్నుల మధ్య కొలిచాను. ఇంటి కరెంటు 230 వోల్టులు; 230ని 230తో హెచ్చవేసి 700తో భాగిస్తే 75 పైచిలుకు; మీట కిందికి నొక్కి ఉంచినప్పుడు మీటర్ అటూ ఇటూగా 75 ఓములు చూపించాలి. ఏమీ చూపించలేదు. లోపల ఎక్కడో దారి తెగింది.

అడుగున మూడు స్క్రూలు. రెండు తేలిగ్గా వచ్చాయి. మూడోది తుప్పు పట్టి పావుగంట తినేసింది. అది తిప్పుతుండగా అమ్మ వెనక నుంచి, "నాలుగు రోజుల నుంచీ అది టక్కుమన్నాక కూడా ఎర్ర లైటు కాసేపు అలాగే ఉంటోందిరా" అంది. ఊఁ కొట్టి స్క్రూలు డబ్బీలో వేసుకున్నాను.

మూత తీస్తే లోపల పెద్దగా ఏమీ ఉండదు. హీటర్ దాగి ఉన్న అల్యూమినియం పళ్ళెం, దాని మధ్యలో స్ప్రింగు మీద కదిలే బొడ్డు, మీట, మీట తోకకి తగిలే చిన్న నల్ల మైక్రోస్విచ్చు, అన్నం వెచ్చగా ఉంచడానికి వేరే 40 వాట్ల హీటరు. ఆ బొడ్డే దీని తెలివంతా. అందులో ఫెర్రైట్ ముక్క ఉంటుంది. మీట నొక్కితే కింది అయస్కాంతం వెళ్ళి దానికి అతుక్కుంటుంది. గిన్నెలో నీళ్ళున్నంతసేపూ అడుగు వేడి 100 డిగ్రీల దగ్గరే ఆగుతుంది. నీళ్ళన్నీ అన్నం పీల్చేసుకున్నాక పైకి ఎక్కుతుంది. 103 చుట్టుపక్కల ఆ ముక్క అయస్కాంతాన్ని పట్టుకునే గుణం పోగొట్టుకుంటుంది, స్ప్రింగు మీటని ఎగదన్నుతుంది, టక్. చిప్పు లేదు, ప్రోగ్రామ్ లేదు. ఎనిమిదేళ్ళు మా ఇంట్లో అన్నం ఇలాగే ఉడికింది.

పళ్ళేన్ని ఆనుకుని ఒక రేకు పట్టీ కింద తెల్లటి తొడుగు కనిపించింది. నూలు ఒత్తిలా ఉంటుంది కానీ ఫైబర్ గ్లాస్ స్లీవు. లోపల థర్మల్ ఫ్యూజు, వేడి మితిమీరితే తెగి కరెంటు ఆపేది. దాని రెండు కొసల మీదా మీటర్ ముళ్ళు పెట్టాను. బీప్ లేదు. దొరికింది.

ఒక్క పేజీలో అయిపోయే పని అనుకునే ఈ డైరీ మొదలుపెట్టాను.

జనవరి 19, సోమవారం

రాత్రి భోజనాలయ్యాక ఫ్యూజు కత్తిరించి బయటికి తీశాను. బియ్యపు గింజలు మూడు వరసగా పేరిస్తే ఎంతో అంత. వెండి రంగు డొక్కు, ఒక కొసన గట్టిపడిన జిగురు. భూతద్దం పెట్టి చూస్తే 10 ఆంపియర్, 250 వోల్ట్ అన్నవి చదవగలిగాను. డిగ్రీల దగ్గర 1, 8 కనిపిస్తున్నాయి, మూడో అంకె కమిలిపోయింది. బజార్లో 18తో మొదలయ్యేవి 184, 185 లాంటివే కాబట్టి ఇబ్బంది లేదు. ఒక్క డిగ్రీ తేడా ఇక్కడ లెక్కలోకి రాదు.

ఎలాగూ చచ్చిందే కదా అని హాక్సా బ్లేడుతో డొక్కు కోశాను. రెండు చిన్న స్ప్రింగులు, నక్షత్రం ఆకారంలో ఒక పల్చటి రేకు, అడుగున కరిగి మళ్ళీ గడ్డకట్టిన మైనం లాంటి మరక. బాగున్నప్పుడు ఆ మైనం గట్టి బిళ్ళగా ఉంటుంది. దాన్ని ఆసరా చేసుకుని పెద్ద స్ప్రింగు నక్షత్రాన్ని అవతలి తీగకి అదిమి పట్టుకుంటుంది. వేడికి బిళ్ళ కరిగితే పెద్ద స్ప్రింగు సాగిపోతుంది, దాని పట్టు వదులుతుంది, చిన్న స్ప్రింగు నక్షత్రాన్ని వెనక్కి నెట్టేస్తుంది. మళ్ళీ చల్లారినా కలవదు. ఇంట్లో బోర్డు మీద ఎంసీబీలా ఎత్తి పెట్టే వీలు లేదు, ఒక్కసారే.

ఇంకో సంగతి. జిగురు లేని వైపు తీగ నేరుగా డొక్కుకే అతికి ఉంటుంది. అంటే కుక్కర్ నడుస్తున్నంతసేపూ ఆ వెండి డొక్కు మీద 230 వోల్టులు ఉన్నట్టే. తెల్ల తొడుగు ఉన్నది అందుకే, అందానికి కాదు.

ఈ మైనం బిళ్ళ ఏళ్ళ తరబడి వేడిలో ఉంటే, ఏ తప్పూ జరక్కపోయినా నెమ్మదిగా అరిగి ఒకరోజు తెగిపోవచ్చు. ఎనిమిదేళ్ళ కుక్కర్ కదా, వయసైపోయిందిలే అని నిద్రపోయాను.

జనవరి 24, శనివారం

కోఠి. ఉస్మానియా మెడికల్ కాలేజీ స్టేషన్లో మెట్రో దిగి గుజరాతీ గల్లీకి నడిచాను. హైదరాబాద్‌లో రెసిస్టరు నుంచి ట్రాన్స్‌ఫార్మర్ దాకా ఏది కావాలన్నా మొదట తట్టే చోటు.

మొదటి షాపులో అడగ్గానే ఒక పొట్లం తీసిచ్చాడు. చూస్తే 130 డిగ్రీలు, 2 ఆంపియర్. అది టేబుల్ ఫ్యాన్ మోటారు చుట్టలో పెట్టేది. ఇది కుక్కర్ కోసం, 184 కావాలన్నాను. "ఫ్యూజు ఫ్యూజే గదన్నా, పెట్టుర్రి, ఏం గాదు" అన్నాడు. అవుతుంది. కుక్కర్ పళ్ళెం మామూలు వంటలోనే 130 దాటుతుంది కాబట్టి మొదటి ఎసరుకే తెగుతుంది. పైగా 700 వాట్లకి 3 ఆంపియర్లు పారుతుంది, దానికి 2 ఆంపియర్ ఫ్యూజు చాలదు. దీనికి తిరగేసిన తప్పు ఇంకా చెడ్డది: ఎందుకైనా మంచిదని 240 డిగ్రీలది పెట్టామనుకోండి, అది తెగే లోపు వైర్ల తొడుగు కమురుతుంది.

నాలుగో షాపులో 184 డిగ్రీలు, 10 ఆంపియర్ దొరికింది. ఒక్కోటి 15 రూపాయలు. వెళ్ళింది ఒక్కదాని కోసమే అయినా ఐదు తీసుకున్నాను, మెట్రో ఛార్జీ దానికంటే ఎక్కువైంది కాబట్టి. ఫైబర్ గ్లాస్ స్లీవు ఒక మీటరు, తీగల్ని కలిపి నొక్కే ఇత్తడి గొట్టాలు ఒక పొట్లం. ఆ గొట్టాల్ని నొక్కే క్రింపింగ్ టూల్ మా ఆఫీసు ఎలక్ట్రీషియన్ ఇస్తానన్నాడు, కానీ సోమవారం.

జనవరి 25, ఆదివారం

సోమవారం దాకా ఆగలేదు.

సోల్డరింగ్ ఐరన్ ఉంది కదా, ఫ్యూజు కాలు మీద నోస్ ప్లేయర్ పట్టి ఉంచితే వేడి ప్లేయర్లోకి పోతుంది కదా అని మొదలెట్టాను. ఒక వైపు అతికింది. రెండో వైపు పాత తీగ మురికిగా ఉండి సీసం పట్టలేదు, ఇంకో నాలుగు సెకన్లు పట్టి ఉంచాను. చల్లారాక బీప్ చూస్తే లేదు. పది నిమిషాల క్రితం కొత్తది. కుక్కర్ ముఖం చూడకుండానే పోయింది.

నిజానికి ఇందులో తెలియనిదేమీ లేదు. ఐరన్ మొన 300 డిగ్రీల పైన ఉంటుంది, ఫ్యూజు 184కి తెగేలా తయారైంది, మధ్యలో ఉన్నది రెండు సెంటీమీటర్ల రాగి తీగ. ఒకవేళ అది బతికినా ఆ అతుకు నిలిచేది కాదు: మామూలు సోల్డరు కరిగేది కూడా 183 నుంచి 190 మధ్యే. ఫ్యూజు తెగాల్సిన వేడికి సోల్డరే జారి, వదులైన తీగ బాడీకి తగిలితే అది ఇంకో కథ. కంపెనీ వాళ్ళు ఇక్కడ సోల్డరు వాడకుండా నొక్కుడు గొట్టాలే ఎందుకు వాడారో వాటిని కత్తిరించేటప్పుడే ఆలోచించి ఉండాల్సింది.

సాయంత్రం ఆ ఎలక్ట్రీషియన్‌కి ఫోన్ చేసి, వాళ్ళింటికే వెళ్ళి టూల్ తెచ్చుకున్నాను. "ఆదివారం కూడా ఇదేనా సార్" అన్నాడు. ఈసారి కాలు వంచేటప్పుడు డొక్కుకీ వంపుకీ మధ్య ప్లేయరుతో పట్టుకుని వంచాను, జిగురు పగలకుండా. స్లీవు ముందే తీగలోకి ఎక్కించుకుని, గొట్టంలో రెండు తీగలూ ఎదురెదురుగా దూర్చి నొక్కాను. గట్టిగా లాగి చూశాను, రాలేదు. ఇంట్లో ఉన్న హీట్ ష్రింక్ గొట్టం (వేడి చేస్తే బిగుసుకునేది) పైన వేద్దామనుకుని, దాని మీద 125 డిగ్రీలని చూసి పక్కన పడేశాను.

మూత బిగించే ముందు పళ్ళెం తుడుస్తుంటే, అంచు దగ్గర వేలికి ఏదో గరుకుగా తగిలింది. ఒక మెతుకు. మాడి మాడి బొగ్గై, రాయిలా అతుక్కుపోయింది. గోరుకి రాలేదు, స్పూను కాడతో గీకాల్సి వచ్చింది. మెతుకు ఎత్తు ఎంతని, అరమిల్లీమీటరు. కానీ గిన్నె దాని మీద ఒరిగితే పళ్ళేనికీ గిన్నెకీ మధ్య గాలి చేరుతుంది. పళ్ళెం వేడి గిన్నెలోకి దిగక తనలోనే పెరుగుతుంది. బొడ్డేమో గిన్నెని తాకి, అంతా బాగానే ఉందనుకుంటుంది. అన్నం ఉడికిందో లేదో ఒక్క మెతుకు పట్టి చూస్తే తెలుస్తుందంటారు, నాకు కుక్కరు రోగం కూడా ఒక్క మెతుకులోనే తెలిసిపోయిందని సంబరపడ్డాను.

మీట నొక్కి కొలిచాను: 76 ఓములు. ఎర్త్ పిన్నుకీ బాడీకీ మధ్య అర ఓము, పళ్ళేనికీ మిగతా రెండు పిన్నులకీ మధ్య ఏమీ లేదు. రాత్రి అన్నం కుక్కర్లోనే.

జనవరి 30, శుక్రవారం

ఆఫీసు నుంచి వచ్చేసరికి వాకిట్లోనే మాడు వాసన. కుక్కర్ మళ్ళీ పోయింది. అడుగున రెండు వేళ్ళ మందం నల్లగా మాడింది. అమ్మ ఏమీ అనలేదు. గిన్నె నీళ్ళల్లో నానబెట్టి ఉంది.

ఐదు రోజులు. వయసైపోయిందనే మాట ఇక చెల్లదు.

ఫిబ్రవరి 1, ఆదివారం

మళ్ళీ విప్పాను. ఊహించినట్టే ఫ్యూజు తెగి ఉంది. ఇంకోటి తీసి పెట్టేద్దామని చెయ్యి పొట్లం దాకా వెళ్ళింది. మూడు మిగిలాయి; ఇలా వారానికొకటి మార్చుకుంటూ పోతే మూడు వారాలు గడుస్తుంది.

ఫ్యూజు తెగడం జబ్బు కాదు, అది లక్షణం. దాన్ని ఎవరో అంత వేడికి గురిచేశారు. ఎవరని వెతకాలి. మెతుకు గీకేశాను, పళ్ళెం నున్నగా ఉంది. గిన్నె అడుగు మీద స్కేలు ఆనించి చూశాను, సొట్ట లేదు. బొడ్డు నొక్కితే స్వేచ్ఛగా దిగి లేస్తోంది. మీట టక్కుమని లేస్తోంది.

అప్పుడు గుర్తొచ్చింది, 18వ తేదీ పేజీలో నేనే రాసుకున్న మాట. టక్కుమన్నాక కూడా ఎర్ర లైటు.

ఎర్ర లైటు ఉండేది పెద్ద హీటరు మీద. మీట లేచిందంటే స్విచ్చు తెరుచుకోవాలి, కరెంటు 40 వాట్ల చిన్న హీటరు గుండా తిరిగి రావాలి, ఎర్రది ఆరి పచ్చది వెలగాలి. మీట లేచినా ఎర్రది ఉందంటే మీట పని మీట చేసింది, స్విచ్చు మాత్రం వదల్లేదు.

మీట పైన ఉండగా స్విచ్చు రెండు కొసల మధ్య కొలిచాను. తెరుచుకుని ఉంటే మీటరుకి చిన్న హీటరే కనపడాలి, లెక్క ప్రకారం 1,320 ఓముల దగ్గర. వచ్చింది 0.3. స్క్రూడ్రైవర్ పిడితో స్విచ్చు వీపు మీద చిన్నగా కొట్టాను. టిక్. 1,318.

మొన్న ఆదివారం నేను మీట నొక్కి ఒక్కసారే కొలిచాను. మీట ఎత్తి ఇంకోసారి కొలిచి ఉంటే అప్పుడే 1,400 దగ్గర రావాల్సిన చోట 76 కనపడేదేమో. కనపడకపోయేదేమో కూడా, ఎందుకంటే ఇది వేడెక్కినప్పుడే అతుక్కుంటోంది. అయినా రెండు స్థితుల్లోనూ కొలవకపోవడం నా తప్పే.

స్విచ్చు మూత బ్లేడుతో లేపాను. వెండి చుక్కలు రెండూ నల్లగా ఉన్నాయి. ఒకదాని మీద గుంట, రెండోదాని మీద దానికి సరిపోయే మొటిమ. చుట్టూ గోధుమ రంగు పొర, వేలితో రాస్తే పెచ్చులుగా రాలింది. నాలిక మీద పెట్టుకోలేదు కానీ వాసనకే తెలిసిపోయింది: గంజి.

అమ్మని పిలిచి చూపించాను. "సంక్రాంతికి తెనాలి నుంచి వచ్చిన కొత్త బియ్యంరా, ఊరికే పొంగుతోంది" అంది. పాత బియ్యానికి అలవాటైన కొలతతో, నలుగురికి సరిపడా నిండుగా పెడుతోంది. గంజి మూత అంచులోంచి పొంగి, గిన్నె పక్కగా దిగి, బొడ్డు చుట్టూ ఉన్న సందులోంచి సరిగ్గా స్విచ్చు మీదికే కారుతోంది. కాంటాక్టు మీద పొర ఏర్పడితే నిప్పురవ్వ ఎక్కువ వస్తుంది, రవ్వకి చుక్కలు కరుగుతాయి, కరిగినవి అతుక్కుంటాయి. "వార్చుకునే రోజుల్లో ఈ గోల లేదు" అని కూడా అంది. నిజమే కానీ ఆ రోజుల్లో గంజి పొయ్యిలోకి పొంగేది.

జీరో నంబరు ఎమెరీ కాగితంతో చుక్కలు రుద్ది పెట్టేద్దామా అని ఒక క్షణం అనిపించింది. పైన ఉన్న వెండి పూత పోతే కింద రాగి. నాలుగు రోజుల్లో మళ్ళీ ఇక్కడికే వస్తాను.

ఫిబ్రవరి 7, శనివారం

మళ్ళీ గుజరాతీ గల్లీ. స్విచ్చు 16 ఆంపియర్, 250 వోల్ట్. అదే ఆకారంలో రెండు రకాలున్నాయి, ఒకదాని మీద టీ85, ఇంకోదాని మీద టీ125. చుట్టూ ఎంత వేడి దాకా తట్టుకుంటుందో ఆ డిగ్రీలన్నమాట. కుక్కర్ అడుగున పెట్టేది కాబట్టి టీ125. ధరలో పది రూపాయలు తేడా. షాపతను రెండూ ఒకటేనన్నాడు. వాదించలేదు.

ఇంటికొచ్చి స్విచ్చు మార్చి, నాలుగో ఫ్యూజు నొక్కి కట్టాను. ఈసారి పన్నెండు నిమిషాలు పట్టింది, చెయ్యి తిరిగింది. మీట కింద 76, మీట పైన 1,396. పదిసార్లు నొక్కి ఎత్తాను, పదిసార్లూ అవే.

ప్లగ్గులో నేరుగా పెట్టకుండా ముందు సీరీస్ బోర్డు. పాత 100 వాట్ల బల్బుని వరసలో కలిపితే లోపల షార్టున్నా ఫ్యూజు పోదు, బల్బు వెలుగుతుంది అంతే. మీట నొక్కితే బల్బు దాదాపు నిండుగా వెలిగింది. మీట ఎత్తితే మిణుకుమిణుకుమంది. ఈ కాలంలో ఎంత మీటరున్నా నాకు బల్బు చెప్పే మాట మీదే గురి.

తర్వాత అసలు వంట. మీటరుతో వచ్చిన, వేడి కొలిచే థర్మోకపుల్ పూస ఫ్యూజు పట్టీ కిందికి దూర్చి, తీగ బయటికి లాగి, గ్లాసు బియ్యానికి రెండు గ్లాసుల నీళ్ళు పోయించాను. ఎసరు మరుగుతున్నంతసేపూ 121, 124 మధ్య ఆడింది. నీళ్ళు ఇంకిపోతుండగా ఎక్కడం మొదలై, టక్కుమనేసరికి 138. ఎర్రది ఆరింది, పచ్చది వెలిగింది. పళ్ళెంలో మిగిలిన వేడికి ఇంకాస్త ఎక్కి 145 దగ్గర ఆగింది, అక్కణ్ణుంచి దిగుముఖం. గంట తర్వాత 77. ఫ్యూజు మీద 184 అని ఉన్నా అది పది డిగ్రీలు తక్కువలో కూడా తెగొచ్చు, ప్రమాణాలు అంతవరకు ఒప్పుకుంటాయి. 174 అనుకున్నా దాదాపు 30 డిగ్రీల జాగా ఉంది. చాలు.

ఫిబ్రవరి 8, ఆదివారం

కుక్కర్ సంగతి అమ్మ ద్వారా పక్కింటికి చేరినట్టుంది. పిన్నిగారు ఇస్త్రీ పెట్టె పట్టుకొచ్చారు. "బాబూ, ఇది కాల్చేస్తోంది, పట్టుచీర అంచు పోయింది. మొన్న దసరాకే బాగు చేయించాం."

1,000 వాట్లది. విప్పితే ఫ్యూజు ఉండాల్సిన చోట తెల్ల స్లీవు ఉంది, అందులో ఫ్యూజు లేదు. రెండు కొసల్నీ ఉత్త రాగి పోగులతో మెలేసి కట్టారు. రిపేరు షాపుల భాషలో దీన్ని డైరెక్ట్ చెయ్యడం అంటారు. చేసిన ఐదు నిమిషాల్లో పనిచేస్తుంది, కస్టమరు సంతోషంగా డబ్బులిచ్చి వెళ్తాడు. అప్పుడు ఫ్యూజు ఎందుకు తెగిందో ఎవరూ చూడలేదు: వేడిని అదుపు చేసే థర్మోస్టాట్ పాయింట్లు కూడా నా స్విచ్చులాగే అతుక్కుని ఉన్నాయి. అంటే ఈ నాలుగు నెలలూ దాన్ని ఆపేది పిన్నిగారి చెయ్యి మాత్రమే, గోడ మీద స్విచ్చు దగ్గర.

ఆ సంగతి చెబితే ఆవిడ ముందు నమ్మలేదు, తర్వాత భయపడ్డారు. థర్మోస్టాట్, 240 డిగ్రీల ఫ్యూజు తెచ్చేదాకా దాన్ని తిరిగివ్వనన్నాను. ఇచ్చేస్తే వాడతారు.

ఫిబ్రవరి 14, శనివారం

ఇస్త్రీ పెట్టె అయింది. 53 ఓములు, థర్మోస్టాట్ తిప్పితే టిక్కుమని తెరుచుకుంటోంది. పిన్నిగారు డబ్బులివ్వబోతే వద్దన్నాను, సాయంత్రం ఆ లెక్క అరిసెల్లో వచ్చింది.

ఫిబ్రవరి 22, ఆదివారం

కుక్కర్ పదిహేను రోజులు, పూటకోసారి చొప్పున ముప్పై వంటలు. ఈరోజు ఒకసారి విప్పి చూశాను. స్విచ్చు మీద గంజి లేదు. అమ్మ గిన్నెలో లోపలి గీత కంటే ఒక వేలు తక్కువే పెడుతోంది, కొత్త బియ్యాన్ని మూడు నీళ్ళు కడుగుతోంది. నేను బొడ్డు పైన సందు చుట్టూ ఏదైనా రబ్బరు వేద్దామా అనుకుని మానేశాను, బొడ్డు కదలిక ఆగితే అసలుకే మోసం.

బీప్ ఉంది. 76, 1,396.

డబ్బీలో మిగిలినవి: 184 ఫ్యూజులు రెండు, 240వి రెండు, స్లీవు అరమీటరు. పాత స్విచ్చు పారెయ్యలేదు, మూత తీసి కిటికీలో పెట్టాను. క్రింపింగ్ టూల్ రేపు తిరిగిచ్చెయ్యాలి, ఆయన రెండుసార్లు అడిగాడు.